నడిచేటప్పుడు నాతో మాట్లాడొద్దు

నూలు కట్ట దించడానికి నిచ్చెనెక్కి, కట్టతో సహా కిందికి వచ్చాను. పడిన చప్పుడు నాకు వినపడలేదు. పక్కింటి మగ్గం ఆగిపోవడం మాత్రం వినపడింది. తర్వాత దాని పక్క మగ్గం, ఆ తర్వాత ఎదురింటి మగ్గం. అంతమంది ఒక్కసారిగా నేయడం ఆపారంటే ఏదో పెద్దదే జరిగిందని అర్థమై లేవబోయాను. కుడి కాలు నాతో రాలేదు.

వేలూరు దగ్గర గుడియాత్తంలో మాది కైలీలు, అంటే లుంగీలు, నేసే వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ముత్తాతలకు ముందెవరో ఉత్తరం నుంచి మగ్గం మూటగట్టుకుని వచ్చి ఇక్కడ నిలబడిపోయారట. నాయన పోయాక అన్నే మగ్గం మీద కూర్చున్నాడు. అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్లం. నాకు అప్పుడు పెళ్లి మాటలు వచ్చిపోయే వయసు.

పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దామని అమ్మ. తొడ ఎముక విరిగింది, కట్టుతో అయ్యేది కాదని అన్న. అన్న మాటే నెగ్గింది. వేలూరులో కోటకు అవతల ఎముకలు చూసే చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. అక్కడ నన్ను మంచం మీద పడుకోబెట్టి, కాలికి ఇసుక మూటలు వేలాడదీశారు. చాలా రోజులు అలాగే పైకప్పు చూస్తూ ఉన్నాను. ఎముక అతుక్కుంది కానీ, లోపల నరం నలిగిందట. అరికాలికి స్పర్శ సగమే మిగిలింది. నేల మీద పెడితే, దుప్పటి మడతల మీద పెట్టినట్టుండేది.

నడక నేర్పే హాలు వెనకవైపు ఉండేది. రెండు పక్కలా పట్టుకోవడానికి కొయ్య కమ్ములు, కింద నల్ల బండలు, చివర ఒక గోడ. అక్కడ నడక నేర్పే ఆమెను అందరూ డ్రిల్లమ్మ అనేవాళ్లు. తెల్ల చీర కొంగు నడుముకు బిగించి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడే ఉండేది. మదురై వైపు మనిషి. ఆమెది తమిళం. నేనూ ఆమెతో తమిళంలోనే మాట్లాడేదాన్ని, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కానీ ఆమె ఎక్కువగా వాడే మాటలు రెండిటికీ తర్జుమా అక్కర్లేదు. ఒకటి సరి. ఇంకొకటి తప్పు. రెండు భాషల్లోనూ అవే మాటలు.

నేను కాలెత్తితే తప్పు. దించితే తప్పు. నడుము వాలితే తప్పు, తల వంచితే తప్పు. ఎప్పుడో ఒక్కసారి సరి. ఆమె గొంతులో కోపం ఉండేది కాదు, బియ్యంలో రాళ్లేరే మనిషి ధ్యాస ఉండేది. అయినా ఆ మాట చెవిలో పడగానే నా తొడ బిగుసుకుపోయేది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో నిలిచిపోయేది. చేతులు కమ్ముల మీద చెమటకు జారేవి. హాలు నుంచి మంచం దగ్గరికి తిరిగొచ్చేసరికి మనసంతా చేదుగా ఉండేది. మందులిచ్చే నర్సు మీద అరిచేదాన్ని. అన్నం గిన్నె పక్కకు తోసేసేదాన్ని.

నా పక్క మంచం మీద పొన్నై నుంచి వచ్చిన అక్క ఒకామె ఉండేది. కూలికి పోయే మనిషి, చర్చికి పోయే మనిషి. చెరకు బండి చక్రం పాదం మీదుగా పోయి, మోకాలి దాకా పిండికట్టు వేసుకుని ఉంది. కట్టు విప్పేదాకా ఆమెకు హాలులో పని లేదు. కానీ మంచం మీద ఒంటరిగా ఉండలేక, చక్రాల కుర్చీలో తోయించుకుని వచ్చి బెంచీ పక్కన కూర్చునేది. నోరు మూతపడేది కాదు. మొదటి రోజే డ్రిల్లమ్మకు వినపడేలా నాతో అంది:

"మా ఊర్లో దున్నేటప్పుడు ఎద్దును గూడా ఇన్ని మాటలు అనరు మ్మే."

డ్రిల్లమ్మకు తెలుగు రాదు. నాకు నవ్వొచ్చి కమ్ము వదిలేయబోయాను. "తప్పు" అంది డ్రిల్లమ్మ.

ఒకరోజు డ్రిల్లమ్మను ఎవరో పిలిచి బయటికి తీసుకుపోయారు. నేను కమ్ముల మధ్యే నిలబడి ఉన్నాను. అక్క వాళ్ల ఊరి చర్చి కథ ఎత్తుకుంది. ప్రార్థన జరుగుతుంటే మేక ఒకటి లోపలికొచ్చి, అయ్యగారికి వేయడానికి పెట్టిన దండ తినేసిందట. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు కాబట్టి చూసింది ఈమె ఒక్కతే. చూశానని చెబితే, నువ్వెందుకు కళ్లు తెరిచినావు అంటారని గమ్మునుందట. ఆ మేక ఎవరిది, తర్వాత ఎవరు ఎవర్ని తిట్టారు, అన్నీ చెబుతోంది. వింటూ నేను నడుస్తున్నాను. గోడ చేతికి తగిలేదాకా నాకు తెలియలేదు, అంత దూరం వచ్చానని.

తిరిగి చూస్తే గుమ్మంలో డ్రిల్లమ్మ. ముఖం వెలిగిపోతోంది. "సరి! చూశావా, ఎంత బాగా వచ్చావో! అలాగే రా, అలాగే" అని చప్పట్లు కొట్టింది. నేను అడుగు వేయబోయాను. కాలు రాలేదు. మెచ్చుకుంటే కూడా అంతే అయింది.

అప్పుడే నాకు తెలిసొచ్చింది, నా గొడవ తిట్టుతో కాదని. నా నడక గురించి ఎవరు ఏ మాటన్నా, ఆ మాట కాలికి అడ్డం పడుతోంది.

మరుసటి రోజు మూడో తప్పుకో నాలుగో తప్పుకో, కమ్ములు వదిలి మెల్లగా బండల మీద కూర్చున్నాను. డ్రిల్లమ్మ పడిపోయాననుకుని పరుగెత్తుకొచ్చింది.

"లే."

"లేవను."

"నీకు నడవాలని లేదా?"

"ఉంది. అందుకే కూర్చున్నాను. నేను కాలెత్తినప్పుడు మీరు మాట్లాడితే ఆ కాలు ఎక్కడ పెట్టాలో నాకు తెలియకుండా పోతోంది. గోడ దాకా పోయి నిలబడతాను. అప్పుడు చెప్పండి, ఎన్ని తప్పులైనా చెప్పండి. నడిచేటప్పుడు వద్దు."

"నేను చెప్పకపోతే తప్పని నీకెట్లా తెలుస్తుంది?"

"వినపడుతుంది."

నిజంగానే వినపడేది. ఎడమ పాదం బండ మీద 'టప్' మనేది. కుడి పాదం వేళ్లు ఈడ్చుకుంటూ 'సర్ర్' మనేది. స్పర్శ లేని పాదం ఎక్కడుందో నాకు చెప్పేది ఆ చప్పుడొక్కటే. సర్ర్ మని పొడుగ్గా వస్తే బాగా ఈడుస్తున్నానని, పొట్టిగా వస్తే కాస్త ఎత్తానని తెలిసేది. ఆమె తప్పు అన్నప్పుడల్లా ఆ చప్పుడు ఆ మాట కింద మునిగిపోయేది. ఇదంతా చెప్పడానికి అప్పుడు నాకు మాటలు రాలేదు. "వినపడుతుంది" అని మళ్లీ అన్నాను.

"నీలాంటి మొండిదాన్ని చూడలేదు" అని ఆమె వేరేవాళ్ల దగ్గరికి పోయింది. అన్నం గంట కొట్టేదాకా నేను ఆ బండల మీదే కూర్చున్నాను. లోపల భయంగానే ఉంది. ఇంటికి పంపేస్తారేమో, ఇక జన్మకు నడవనేమో అని. లేవలేదు.

తర్వాతి పొద్దున డ్రిల్లమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు బిగించి నా ముందు నిలబడింది. "పో" అంది, అంతే. నేను కదిలాను. సగం దారిలో నడుము ఒక పక్కకు ఒరిగింది. "అయ్యో" అని ఆమె నోటినుంచి జారింది. నేను ఆగి చూశాను. ఆమె టక్కున తన నోటికి తానే చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొన్నై అక్క పిండికట్టు కాలు నొప్పెట్టేదాకా నవ్వింది. గోడ దగ్గర నిలబడ్డాక డ్రిల్లమ్మ చెప్పింది: మడమ ముందు దించాలి, వేళ్లు ముందు పడుతున్నాయి. నడుము వాలినప్పుడు ఊపిరి బిగబడుతున్నావు, బిగబట్టకు. ఆ మాటలు అప్పుడు నాకు మంచినీళ్లలా ఎక్కాయి. తిరిగి వస్తూ మడమ దించాను. చప్పుడు మారింది.

ఆసుపత్రి నుంచి చేతికర్రతో ఇంటికొచ్చాను. కర్ర అడుగున ఇనప పొన్ను వేసి ఇచ్చారు. మా ఇంటి బండల మీద అది 'టంగ్' మనేది. టంగ్, సర్ర్, టప్. నాకు ఆ మూడూ చాలు, కళ్లు మూసుకుని నడవగలను. కానీ ఇంట్లో అమ్మ ఉంది.

"మెల్లిగా మ్మే... చూసి, చూసి... పడతావు! ఆడ తడిగా ఉండాది!"

నేను మంచం మీదనుంచి కాలు కింద పెట్టింది మొదలు అమ్మ ఇదే మంత్రం. ప్రేమతోనే. ఆమె 'పడతావు' అన్న ప్రతిసారీ నా ఒళ్లు పడడానికి సిద్ధమయ్యేది. వీధిలోకి వస్తే ప్రతి గుమ్మంలోనూ ఒక 'పాపం'. తెలుగువాళ్లు పాపం అనేవాళ్లు, తమిళులు 'పావం' అనేవాళ్లు. అది వినగానే భుజాలు కుంగిపోయేవి. వేగంగా పోతున్నదాన్ని ముసలిదానిలా అయిపోయేదాన్ని. వాళ్లకు అలా కనిపించాక ఇంకా పాపం అనేవాళ్లు.

ఆ రోజుల్లో మా అన్నకు ఇంటి గొడవలకంటే పెద్ద గొడవ ఒకటి పట్టుకుంది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడుతోంది. సరిహద్దు ఎక్కడ గీస్తారు, ఏ తాలూకా ఏ పక్కకు పోతుంది అని టీ కొట్టు దగ్గరా, నూలుకు వేసే రంగుల కొట్టు దగ్గరా ఒకటే మాట. మన తెలుగు వీధులన్నీ ఆ పక్కకు పోవాలని అన్న, అతని స్నేహితులు. మా ముందరి పంచలో సాయంత్రాలు చాప పరిచి మాట్లాడుకునేవాళ్లు. నా కర్ర చప్పుడు వాళ్లకు అడ్డం వచ్చింది.

"బండ మీద సమ్మెటతో కొట్టినట్టుండాది. మాట వినపడల్యా" అన్నాడు అన్న ఒకరోజు. మరుసటి పొద్దున చూస్తే, నా కర్ర అడుగున గోనె గుడ్డ చుట్టి నూలుతో గట్టిగా కట్టి ఉంది. నేతగాడు వేసిన ముడి, అంత సులువుగా వదలదు.

నేనూ సర్దుకుందామనే చూశాను. గోనెతో కర్ర మెత్తగా, దొంగలా నేల మీద దిగేది. ఎక్కడ దిగిందో, గట్టిగా నిలిచిందో లేదో తెలిసేది కాదు. పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర అది బండ అంచున దిగింది. నేను దాని మీద బరువు వేశాను. గడ్డం తొట్టికి తగిలి పగిలింది.

"నేను చెప్తానే ఉండా, పడతావు అని" అంటూ అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"మ్మా, నువ్వు చెప్పినందుకే సగం పడినా. ఆ గోనె కట్టినందుకు మిగతా సగం" అన్నాను, రక్తం తుడుచుకుంటూ. ఆ రోజే కత్తిపీట దగ్గర కూర్చుని ఆ నూలు ముడులన్నీ కోసేశాను. గోనె గుడ్డ పొయ్యిలో పెట్టాను.

వారం తిరక్కముందే చిత్తూరు వైపు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నారని అన్న హడావుడి మొదలుపెట్టాడు. ఖద్దరు లాల్చీ, పుస్తకాలు చదివిన మనిషి. పంచ నిండా జనం కూర్చోబోతున్నారు.

"ఆ పొద్దు నువ్వు వంటింట్లో ఉండు" అన్నాడు అన్న.

"సాయంత్రం నేను రంగుల కొట్టుకు పోవాల. ఆ యాళకే పోతాండా రోజూ."

"ఒక్క రోజు పోకుంటే ఏమి?"

"ఒక్క రోజు నువ్వు మాట్లాడకుంటే ఏమి?"

అన్న ముఖం ఎర్రబడింది. మా ఇంటికి వీధిలోకి దారి ఒక్కటే, ఆ పంచ మీదుగానే.

సాయంత్రం సంచి భుజానికి తగిలించుకుని గడప దాటాను. టంగ్. ఆ పెద్దమనిషి భాష గురించి చెబుతున్నారు. గొంతు బాగుంది, మాట తీర్చి దిద్దినట్టుంది. టంగ్, సర్ర్, టప్. ఆయన ఆగారు. ఒక్కసారిగా అందరి నోళ్లూ లేచాయి. "చూసి మ్మా, చాప ఉండాది!" "పార్తు, పార్తు!" అని తమిళంలో చూసి నడవమని ఒకరు. "ఎవరన్నా పట్టుకోండప్పా!" "అయ్యో పాపం!" ఇద్దరు లేచి చేతులు చాచారు. సరిగ్గా పంచ నడిమధ్యలో నా కాలు గాలిలో నిలిచిపోయింది. వెనక్కి తిరుగుదామా అనిపించింది. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే వెనక్కి తిరిగి ఉంటే ఆ వంటింట్లోనే నా బతుకు గడిచిపోయేదని ఇప్పటికీ అనుకుంటాను.

"అందరూ కూచోండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "ఎవురూ నన్ను పట్టుకోబళ్లా. మీరు మాట్లాడేది మాట్లాడుకోండి. నేను బజారుకు పోతాండా. నేను నడిచేటప్పుడు మాత్రం నాతో ఏమీ చెప్పొద్దండి."

లేచినవాళ్లు కూర్చున్నారు. పెద్దమనిషి నవ్వారు. ఆయనది చెడ్డ నవ్వు కాదు.

"మంచిదమ్మాయీ. కానీ 'పోతాండా' కాదు. 'వెళ్తున్నాను' అనాలి. ఇటువైపు ఉండిపోయి మన భాష ఎలా పాడవుతోందో చూశారా?" అన్నారు అందరి వైపూ తిరిగి.

అప్పటికే తిరగబడి ఉన్నాను కాబట్టి ఇంకాస్త తిరగబడడం కష్టం కాలేదు.

"అయ్యా, ఆసుపత్రిలో నా కాలుకు తప్పు చెప్పినారు. ఆ కాలు విరిగిన కాలు, అందుకని విన్నా. నా నోరు విరగల్యా. మా అమ్మ మాట్లాడేది ఇదే, మా అవ్వ మాట్లాడింది ఇదే. మీరు గీత ఎట్ల గీసినా మా ఇంట్లో 'పోతాండా' అనే అంటాం."

ఎవరో మూలన కిసుక్కున నవ్వారు. పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఏమన్నారో నాకు తెలియదు. నేను మెట్లు దిగుతున్నాను, మెట్లు దిగేటప్పుడు చెవులు కింద పెట్టుకోవాలి. వీధి చివరిదాకా పోయాక గోడకానుకుని నిలబడి, కాసేపాగి, రంగుల కొట్టుకు పోయాను.

అన్న చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇంటికి పెద్దమనిషిని పిలిచి పరువు తీసుకున్నానని అమ్మతో అన్నాడట. అమ్మ మాత్రం ఆ సాయంత్రం తర్వాత 'పడతావు' అనడం తగ్గించింది. పూర్తిగా మానలేదు. నేను గడప దగ్గరికి రాగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకునేది. అది చూస్తే నాకు నవ్వొచ్చేది, కానీ కాలు ఆగేది కాదు.

చూపించుకోవడానికి మళ్లీ వేలూరు పోయాను. డ్రిల్లమ్మ నన్ను హాలు చివరిదాకా నడిపించి, ఒక్క మాటా అనకుండా చూసి, "ఆ ఈడుపు ఇక పోదు" అంది. "ఉండనీ" అన్నాను. "ఉండనీ" అని ఆమె కూడా అంది. నా తర్వాత కమ్ముల మధ్య నెమిలి అనే ఊరి నుంచి వచ్చిన ఒక రైతు నడుస్తున్నాడు. అడుగడుక్కీ ఆమె తప్పు అంటోంది, ఆయన సంతోషంగా తల ఊపి సరిచేసుకుంటున్నాడు. నాతో మాట్లాడదామని ఆమె చెప్పడం ఆపగానే, ఆయన "అమ్మా, చెప్పడం ఆపొద్దు, మీ మాట లేకుంటే నాకు కాలు రాదు" అని గట్టిగా అరిచాడు. డ్రిల్లమ్మ నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. నాకు నచ్చనిది ఇంకొకరికి ఊతకర్ర కావచ్చునని ఒప్పుకున్నాను. అయినా నా సంగతి నాదే.

సరిహద్దు గీశారు. గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అన్న స్నేహితులు రావడం మానేశారు. చాప చుట్టి మూలన పెట్టేశాడు. అతను వీధిలో వస్తుంటే లోపలినుంచే నాకు తెలిసేది. ఎప్పుడూ టకటకమనే చెప్పులు ఇప్పుడు నేలను రాసుకుంటూ వచ్చేవి. రెండు మంచి కాళ్లున్న మనిషి నాకంటే ఎక్కువ ఈడుస్తున్నాడు. బజారులో వాళ్లూ వీళ్లూ ఏదో ఒకటి అనేవాళ్లు. ఇంటికొచ్చి మగ్గం మీద కూర్చుంటే దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె కూడా నీరసంగా పోయేది.

ఓదార్చాలని నోటిదాకా వచ్చింది. ఏ మాటన్నా ఇప్పుడు అతని భుజాలు కుంగుతాయని ఆగిపోయాను.

"రంగుల కొట్టుకు పోతాండా. ఎర్ర రంగు మూటలు మోసేది నా వల్ల కాదు. నువ్వూ రా" అన్నాను.

చాలా రోజుల తర్వాత మేమిద్దరం కలిసి వీధిలోకి వచ్చాం. అన్న నాకోసం మెల్లిగా నడవబోయాడు. "నువ్వు మామూలుగా నడుచు, నేను వస్తా" అన్నాను. టీ కొట్టు దగ్గర, దారికి అడ్డంగా బెంచీ వేసుకుని కూర్చున్నవాడు ఒకడు మమ్మల్ని చూసి గట్టిగా అన్నాడు:

"ఏమప్పా, ఇంక మీ రాష్ట్రం యాడుండాది?"

అన్న ఆగిపోయాడు. అతని చెప్పుల చప్పుడు ఆగడం విన్నాను. నేను ఆగలేదు. నేరుగా ఆ బెంచీ దగ్గరికి పోయి, పొన్నుతో దాని కాలి మీద టంగుమని కొట్టాను.

"మా ఇల్లు యాడుండాదో ఆడనే ఉండాది. కాళ్లు ముడుచుకో. దారి ఇడు."

వాడు ముడుచుకున్నాడు. వెనకనుంచి అన్న పక్కున నవ్వాడు, నోట్లో ఆకువక్క ఉంటే పొరబోయి దగ్గేంత నవ్వు. రంగుల కొట్టులో ఎర్రది బాగాలేదని ఇద్దరం కలిసి కొట్టువాడితో పోట్లాడి, నీలం తీసుకుని ఇంటికొచ్చాం.